అప్రమత్తంగా ఉండండి అంటే సరిపోదు, ఎలాగో చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో సైబర్ మోసం వార్త లేని రోజు ఈమధ్య కనపడటం లేదు. ఫలానా కాలనీలో రిటైర్డ్ ఉద్యోగి, ఫలానా గేటెడ్ కమ్యూనిటీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఇన్ని లక్షలు పోయాయి, కేసు నమోదైంది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలని పోలీసులు సూచించారు, అంతే, వార్త అయిపోతుంది. మోసానికి వాడిన మెయిల్ చూడ్డానికి ఎలా ఉంది, అందులో ఏ ముక్క చూసి ఆ మనిషి నమ్మాడు, ఎక్కడ ఆగి ఉంటే డబ్బు దక్కేది, ఇవేవీ రాయరు. ఉట్టి 'అప్రమత్తంగా ఉండండి' అంటే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది చెప్పండి?

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతాను. హాల్ టికెట్లు, పాన్ అప్లికేషన్లు, రెజ్యూమేలు, రెంటల్ అగ్రిమెంట్లు, ఇవీ మా పని. మోసపు మెయిళ్లను నేను నేరుగా చూస్తాను, ఎందుకంటే వాటిని ప్రింట్ తీయించుకోవడానికి జనం మా దగ్గరికే వస్తారు. అన్నా, బ్యాంకుకు తీసుకెళ్లాలి, ఇది జర కలర్ ప్రింట్ తియ్యి అని ఫోన్ చేతికిస్తారు. ఈ పనిలో ఉండటం వల్ల నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. మోసం ఆ మెయిల్ వచ్చిన రోజున మొదలవదు. మన పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు, ఆధార్ కాపీ ఎవరెవరి కంప్యూటర్లలోకో వెళ్లి కూర్చున్న రోజునే మొదలవుతుంది. ఈ సంగతి ఎవరూ రాయడం లేదనే నా బాధ, అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైనా ఓపికతో చదవండి.

ముందు ఏ మెయిళ్లు వస్తున్నాయో చెప్తాను. రిటర్నులు వేసే సీజన్ రాగానే ఇన్‌కమ్ టాక్స్ పేరుతో వస్తాయి. మీ రీఫండ్ మంజూరైంది, మీ అకౌంట్ వివరాలు సరిచూసుకోవడానికి కింద నొక్కండి అని. నొక్కితే అచ్చం డిపార్ట్‌మెంట్ సైటు లాంటి పేజీ, అందులో కార్డు నంబరు, వెనకాల ఉండే మూడంకెలు, ఏటీఎం పిన్ కూడా అడుగుతుంది. అసలు రీఫండ్ అనేది మనం ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసి పెట్టుకున్న బ్యాంకు ఖాతాలోకి దానంతటదే వచ్చి పడుతుంది, దానికి కార్డుతో పని లేదు, పిన్‌తో అసలే లేదు. ఈ ఒక్క ముక్క తెలిసినవాళ్లు ఆ పేజీ దగ్గరే ఆగిపోతారు. పాన్ కార్డుల ఏర్పాటును కొత్తగా మారుస్తామంటూ ప్రభుత్వం పాన్ 2.0 ప్రకటించిన తర్వాత కొత్త ఈ-పాన్ డౌన్‌లోడ్ చేసుకోండి అని ఇంకో రకం మొదలైంది, అది నకిలీ అని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు హెచ్చరించారు కూడా. ఆ హెచ్చరిక మా షాపుకొచ్చే పెద్దవాళ్లలో ఒక్కరికి చేరినట్టు నాకు కనపడలేదు. ఇలాంటి మెయిల్ వస్తే దాన్ని ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల వెబ్‌మేనేజర్ మెయిల్ ఐడీకి ఫార్వర్డ్ చేయమని డిపార్ట్‌మెంట్ వాళ్లే చెప్తారు, తీసేసే ముందు ఆ పని చేస్తే మంచిది.

రెండో రకం ఇంకా దారుణమైనది. పీడీఎఫ్ ఒకటి వస్తుంది, పైన అశోక స్తంభం, కింద గుండ్రని సీలు, సంతకం, మధ్యలో సెక్షన్ల నంబర్లు. మీ ఇంటర్నెట్ నుంచి పిల్లల అశ్లీల వీడియోలు చూశారు, ఇరవైనాలుగు గంటల్లో జవాబు ఇవ్వకపోతే అరెస్టు వారెంటు, మీ ఇంటివాళ్లకూ మీడియాకూ సమాచారం ఇస్తాం అని ఉంటుంది. సీబీఐ అనో, ఇండియన్ సైబర్ క్రైమ్ కోఆర్డినేషన్ సెంటర్ అనో పేరు పెడతారు. ఇది వచ్చిన మనిషి ఎవరికీ చూపించలేడు, భార్యకు చెప్పలేడు, కొడుక్కి అసలే చెప్పలేడు. అలాంటి కాగితం ప్రింట్ తీయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన చేతులు వణకడం నేను చూశాను, మానిటర్ అటు తిప్పు బాబూ అని బతిమాలాడు. జవాబు ఇస్తే చాలు, అవతలివాడు ఫోన్ నంబరు అడుగుతాడు, ఆ తర్వాత వీడియో కాల్, నిన్ను అరెస్టు చేశాం, కెమెరా ముందు నుంచి కదలొద్దు అనే డిజిటల్ అరెస్టు, మిగతా కథ మీ పేపర్లోనే వస్తోంది. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. నిందితుణ్ణి విచారణకు రమ్మని పోలీసులిచ్చే నోటీసును వాట్సాప్ లాంటి ఎలక్ట్రానిక్ మార్గాల్లో పంపొద్దని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఇది మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో రావాల్సిన సంగతి అని నా అభిప్రాయం.

మూడోది ఉద్యోగాల మెయిల్. అమీర్‌పేటలో కోర్సులు చేసి ఇంటర్వ్యూల కోసం తిరుగుతున్న పిల్లలకు పెద్ద కంపెనీ లోగోతో ఆఫర్ లెటర్ వస్తుంది, పంపింది మాత్రం మామూలు జీమెయిల్ నుంచి. ల్యాప్‌టాప్ డిపాజిట్ అని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫీజు అని, జాయినయ్యాక తిరిగి ఇస్తామని డబ్బు అడుగుతారు. డబ్బుతో పాటు ఆధార్, పాన్, పదో తరగతి మెమో, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ కూడా పంపించుకుంటారు. డబ్బు పోతే ఒకసారి పోతుంది, ఆ కాగితాలు పోతే వాటితో ఎవడో మన పేరు మీద అకౌంటు తెరిచి దొంగ డబ్బు తిప్పొచ్చు, లోను తీసుకోవచ్చు. ఇట్లాంటి ఆఫర్లు నమ్మి విదేశాలకు వెళ్లిన మన తెలుగు పిల్లలు కాంబోడియాలో చిక్కుకుని, బలవంతంగా మనలాంటివాళ్లకే మోసపు ఫోన్లు చేయాల్సి వచ్చిన సంగతి కూడా మీరు రాశారు.

రెజ్యూమేల గురించి ఒక మాట. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు తెచ్చే పాత నమూనాలో చివర పర్సనల్ డీటెయిల్స్ అని ఉంటుంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, ఇంటి నంబరుతో సహా శాశ్వత చిరునామా, ఒక్కోసారి పాస్‌పోర్టు నంబరు. ఇది పోర్టల్‌లో పెడితే చూసేది కంపెనీలు మాత్రమే అని వాళ్లు అనుకుంటారు. నేను టైప్ చేసేటప్పుడు అవన్నీ తీసేద్దామంటే, అన్నా మా సార్ ఇట్లనే పెట్టమన్నడు అంటారు. కాలేజీల్లో ప్లేస్‌మెంట్ సార్లకు నా మనవి, ఆ నమూనా మార్చండి. పేరు, చదువు, ఊరు, ఫోను, ఉద్యోగాలకే వాడే వేరే మెయిల్ ఐడీ, ఇవి చాలు. మిగతావి జాయినయ్యే రోజున ఆఫీసులో ఇవ్వొచ్చు.

అమెరికా కబురుతో వచ్చేవి కూడా ఉన్నాయి. గ్రీన్ కార్డు లాటరీలో మీ పేరు వచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని. ఆ డైవర్సిటీ లాటరీకి మామూలుగా భారతదేశంలో పుట్టినవాళ్లు అర్హులే కాదు, పైగా లాటరీ తగిలిందని అమెరికా ప్రభుత్వం మెయిల్ పంపదు, దరఖాస్తు చేసినవాళ్లే వెబ్‌సైట్లో చూసుకోవాలి. పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లు మన నగరంలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, ఆ మెయిల్ ఎవరికి పంపాలో దొంగలకూ తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ మెయిళ్లను జనం ఎందుకు నమ్ముతున్నారు? అత్యాశ అంటారు, తెలివిలేక అంటారు. నాకు అలా అనిపించదు. మెయిల్లో తన పూర్తి పేరు, పాన్ నంబరు, ఏ బ్యాంకులో ఖాతా ఉందో, చివరి నాలుగంకెలతో సహా కరెక్టుగా రాసి ఉంటే ఎవరైనా నమ్ముతారు. ఈ వివరాలు మోసగాళ్లకు ఎక్కడివి? 2023 మార్చిలో మన సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకుంటే వాళ్ల దగ్గర 16.8 కోట్ల మంది వివరాలు దొరికాయి, ఆ వెంటనే ఏప్రిల్లో మరో వ్యక్తి దగ్గర ఏకంగా 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు అమ్మకానికి పెట్టి ఉన్నాయి. జీఎస్టీ కట్టేవాళ్లు, నీట్ రాసిన విద్యార్థులు, పాన్ కార్డుదారులు అని విడివిడిగా కట్టలు కట్టి అమ్ముతున్నారు. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికులు సుమారు 45 లక్షల మంది సమాచారం బయటపడింది. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారమే బయటికి పోయింది, ఆ పని చేసినవాణ్ణి తర్వాత పట్టుకున్నారు కూడా. ఇన్ని చోట్ల నుంచి లీకైన దానికి మనిషిని తెలివితక్కువవాడు అని ఎలా అంటాం?

లీకైనదాన్ని మనం వెనక్కి తేలేం. కానీ ఇంకా మన చేతుల్లో ఉన్నదాన్ని ఎంత నిర్లక్ష్యంగా వదులుతున్నామో నేను రోజూ చూస్తున్నాను. ప్రింట్ కావాలంటే ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు, సేల్ డీడు, అన్నీ షాపు మెయిల్ ఐడీకి పంపిస్తారు, ప్రింట్ చేతికి రాగానే వెళ్లిపోతారు. ఆ ఫైళ్లు ఆ షాపు మెయిల్లో, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉండిపోతాయి. మా షాపులో ఏ రోజువి ఆ రోజు తీసేస్తాం, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేస్తాం, కస్టమర్ ముందే చేస్తాం. అందరూ చేస్తారని నేను చెప్పలేను. కాబట్టి ప్రింట్ తీసుకున్నాక, నా ఫైలు డిలీట్ చేయండి అని అక్కడే నిలబడి అడగండి. మొహమాటం పడక్కర్లేదు, అది మీ కాగితం. పెన్ డ్రైవ్ తెస్తే ఇంకా నయం, దాన్ని ఇంటి కంప్యూటర్లో పెట్టే ముందు స్కాన్ చేసుకోండి. మా సిస్టంలో మెయిల్ ఓపెన్ చేస్తే ఇన్‌కాగ్నిటో విండోలో చేయండి, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని అడిగితే వద్దు అని నొక్కండి, లాగౌట్ అయ్యాకే కుర్చీ లేవండి.

ఆధార్ అడిగిన ప్రతిచోటా పూర్తి కాపీ ఇవ్వాల్సిన పనిలేదు. ఆధార్ సైటులోనే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది, మొదటి ఎనిమిది అంకెలు కనపడవు, చివరి నాలుగే కనపడతాయి. దీన్ని వాడమని 2022 మేలో ఆధార్ సంస్థ వాళ్ల బెంగళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది, జనం కంగారు పడేసరికి రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రకటన పోయినా ఆ సౌకర్యం మాత్రం అలాగే ఉంది, చెప్పేవాళ్లే లేరు. మా ఏరియాలో ఇల్లు అద్దెకు కావాలంటే ఆధార్, హాస్టల్లో చేరాలంటే ఆధార్, జిమ్‌కు ఆధార్, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గ్రూపులో అద్దెవాళ్లందరి ఆధార్ ఫొటోలు. ఎందుకు అడుగుతున్నారో, ఎంతకాలం ఉంచుకుంటారో అడిగితే జవాబు ఉండదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చారు, తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది, 2025 నవంబరులో దాని నిబంధనలు కూడా వచ్చాయి. చట్టం మంచిదే. అది ఢిల్లీ నుంచి మా వీధి హాస్టల్ రిజిస్టరు దాకా రావాలి.

ఇంకోటి, నా మనసును అన్నిటికంటే ఎక్కువ తొలిచేది. చాలామంది మెయిల్ ఐడీ వాళ్ల చేతిలో లేదు. ఎప్పుడో పాన్ కార్డుకు అప్లై చేసినప్పుడు నెట్ సెంటర్ కుర్రాడు తన మెయిల్ ఐడీ పెట్టేశాడు, లేదా అప్పటికప్పుడు ఒకటి క్రియేట్ చేసి రికవరీ నంబరు తనది ఇచ్చాడు. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఆడిటర్ గారి మెయిల్ ఉంటుంది, పీఎఫ్‌లో పాత కంపెనీ వాళ్లు ఇచ్చింది ఉంటుంది. కుర్రాడు మంచివాడే కావచ్చు, ఆ షాపు మూతపడిందనుకోండి, ఆ మెయిల్ ఎవరి చేతిలో ఉన్నట్టు? డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చే నిజమైన హెచ్చరికలు ఆ మెయిల్‌కే పోతాయి, అసలు మనిషికి తెలియవు. పైగా ఏ సైటులోనైనా పాస్‌వర్డ్ మర్చిపోయాను అని నొక్కితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే లింకు మెయిల్‌కే వస్తుంది, అంటే మెయిల్ ఎవరి చేతిలో ఉంటే మిగతావన్నీ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఈ ఆదివారం కూర్చుని పాన్, ఆధార్, బ్యాంకు, పీఎఫ్, గ్యాస్ కనెక్షన్, వీటన్నిటిలో ఏ మెయిల్, ఏ ఫోను నంబరు ఉన్నాయో చూసుకోండి, మీవి కాకపోతే మార్పించుకోండి. తల్లిదండ్రులవి పిల్లలు చూడండి.

మెయిల్ మీ చేతిలోనే ఉన్నా రెండు మూడు చోట్ల చూడాలి. సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి, పాస్‌వర్డ్ తెలిసినా వేరేవాళ్లు లోపలికి రావడం కష్టమవుతుంది. ఫార్వర్డింగ్ అనే చోట తెలియని అడ్రస్ ఉందేమో చూడండి, ఇది ఎవరూ చూడరు. ఒకసారి లోపలికి దూరినవాడు మీకొచ్చే మెయిళ్లన్నీ తనకూ వచ్చేలా అక్కడ పెట్టేసి వెళ్తాడు, లేదా బ్యాంకు మెయిళ్లు మీకు కనపడకుండా నేరుగా ట్రాష్‌లోకి పోయేలా ఫిల్టర్ పెడతాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫార్వర్డింగ్ అలాగే ఉంటుంది. బేగంబజార్, ట్రూప్ బజార్ వ్యాపారులు, మందుల కంపెనీలవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి. సరుకు పంపిన పార్టీ మెయిల్ నుంచే మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి అని వస్తుంది, మెయిల్ నిజంగా ఆ పార్టీదే, రాసింది మాత్రం దొంగ. ఖాతా మారింది అంటే పాత నంబరుకు ఫోన్ చేసి మాట్లాడాకే డబ్బు వేయాలి.

పాస్‌వర్డ్‌లు పుస్తకంలో రాసుకోవడం తప్పు అని చాలామంది చెప్తారు. పెద్దవాళ్ల విషయంలో నేను ఒప్పుకోను. అన్నిటికీ మనవడి పేరూ పుట్టిన సంవత్సరమే పెట్టుకోవడం కంటే, వేర్వేరుగా పెట్టుకుని ఒక నోట్‌బుక్‌లో రాసి ఇంట్లో బీరువాలో పెట్టుకోవడం వెయ్యి రెట్లు మేలు. బీరువా దాకా వచ్చే దొంగ వేరు, మెయిల్లో వచ్చే దొంగ వేరు.

ఇక మెయిల్ ఎవరి నుంచి వచ్చిందో చూడటం. ఫోన్లో పేరు మాత్రమే కనపడుతుంది, అది పోస్టు కవరు మీద ఫ్రమ్ అడ్రస్ లాంటిది, ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. ఈమెయిల్ పద్ధతిని 1980లలో తయారు చేసినప్పుడు పంపినవాడు నిజంగా అతనేనా అని తనిఖీ చేసే ఏర్పాటు పెట్టలేదు, తర్వాత కొన్ని తనిఖీలు కలిపినా దొంగ తన సొంత డొమైన్, అంటే అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు, కొనుక్కుని పంపితే అవి కూడా పాసవుతాయి. కాబట్టి పేరు మీద నొక్కి అసలు అడ్రస్ చూడాలి. ప్రభుత్వానిదైతే చివర డాట్ గవ్ డాట్ ఇన్ అనో డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్ అనో ఉంటుంది, అవి ప్రైవేటువాళ్లకు ఇవ్వరు. లింకైతే దాన్ని నొక్కకుండా వేలితో కాసేపు పట్టుకుంటే అడ్రస్ కనపడుతుంది. అందులో మొదట ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి వాలు గీత (/)కు ముందున్న భాగాన్ని కుడి చివర నుంచి వెనక్కి చదవాలి. ఫలానాబ్యాంక్ డాట్ కామ్ డాట్ వెరిఫై హైఫన్ కేవైసీ డాట్ ఎక్స్‌వైజెడ్ అని ఉంటే అది బ్యాంకుది కాదు, ఆ వెరిఫై హైఫన్ కేవైసీ డాట్ ఎక్స్‌వైజెడ్ అనేవాడిది. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఆర్ పక్కన ఎన్ పెడితే ఎమ్ లాగే కనపడుతుంది, అలా పెట్టి కూడా మోసం చేస్తారు. ఇన్ని చూడటం నావల్ల కాదు అనుకునేవాళ్లు ఒక్కటే చేయండి, మెయిల్లో లింకు ఎప్పుడూ నొక్కకండి, మీ బ్యాంకు యాప్ మీరే తెరవండి, కార్డు వెనకున్న నంబరుకు మీరే ఫోన్ చేయండి.

అయితే బ్యాంకులు ఈ సలహా తామే పాటించడం లేదని నా ఫిర్యాదు. లింకులు నొక్కకండి అని ఒక మెయిల్ పంపుతారు, ఆ మర్నాడే లోను ఆఫరు, కార్డు ఆఫరు, ఇక్కడ నొక్కండి అని ఎర్ర బటన్‌తో ఇంకో మెయిల్ పంపుతారు. అసలుదీ నకిలీదీ ఒకేలా ఉంటే కస్టమరు ఎలా పోల్చుకుంటాడు? స్టేట్‌మెంట్లకు పాస్‌వర్డ్ పెడతారు, ఆ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ, నెల అని అదే మెయిల్లో రాస్తారు. ఆధార్ పీడీఎఫ్‌కు కూడా పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పుట్టిన తేదీ రెజ్యూమేలో ఉంది, పేరు మెయిల్లోనే ఉంది, ఇక అది తాళం ఎలా అవుతుంది? ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు పెట్టుకునే వీలు ఇవ్వాలి. ఈ పీడీఎఫ్‌లను చదువుకుని మెయిల్లోంచి తీసేయడం మన పక్షాన చేయగలిగేది.

ఒక మంచి పని కూడా జరిగింది, దాన్ని చెప్పకపోవడం కూడా బ్యాంకుల లోపమే. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే అడ్రస్‌కు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ అడ్రస్‌లు ఇచ్చేది బ్యాంకుల టెక్నాలజీ మీద పనిచేసే ఐడీఆర్‌బీటీ ఒక్కటే, ఆ సంస్థ ఎక్కడో లేదు, మన మాసాబ్‌ట్యాంక్‌లోనే ఉంది, 1996లో రిజర్వ్ బ్యాంకే పెట్టింది. దొంగలు ఆ పేరు కొనుక్కోలేరు. అంటే సైటు అసలుదా కాదా అని తేల్చుకోవడానికి మామూలు మనిషికి దొరికిన మొదటి సులువైన గుర్తు ఇది. మా చుట్టుపక్కల ఏ బ్రాంచిలోనూ దీని గురించి తెలుగులో ఒక్క బోర్డు నాకు కనపడలేదు, ఏటీఎంల మీద స్టిక్కర్ కూడా లేదు. ఇంత ఖర్చు పెట్టి మార్చి, వాడుకోవాల్సినవాళ్లకు చెప్పకపోతే ఎలా?

బెదిరింపు మెయిల్ ఇంకొకటి కూడా చెప్పాలి, కుర్రాళ్లు దీనికి బాగా భయపడుతున్నారు. మీ కెమెరాలో మిమ్మల్ని రికార్డు చేశాను, బిట్‌కాయిన్‌లో డబ్బు పంపకపోతే మీ వాళ్లందరికీ పంపిస్తాను అని ఉంటుంది, నమ్మించడానికి మీ పాస్‌వర్డ్ కూడా అందులో రాస్తాడు. ఆ పాస్‌వర్డ్ నిజంగానే మీది, కానీ ఎప్పుడో ఏదో సైటు నుంచి లీకైన పాతది. లక్షల మందికి ఒకే ఉత్తరం పంపుతాడు, వాడి దగ్గర వీడియో ఏమీ ఉండదు. జవాబు ఇవ్వకండి, డబ్బు పంపకండి, ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చేయండి.

డబ్బు పోతే ఏం చేయాలో కూడా చెప్తాను, ఎందుకంటే ఆ క్షణంలో మనిషికి ఏమీ తోచదు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. స్టేషన్‌కు తర్వాత వెళ్లొచ్చు, బంధువులకు తర్వాత చెప్పొచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారిపోతూ ఉంటుంది, ఎంత తొందరగా చెప్తే దాన్ని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. లైను కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా వేరే చోట లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. ఓటీపీ మనమే చెప్పేస్తే అప్పటిదాకా పోయింది మనమీదే పడుతుంది, కానీ బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుదే బాధ్యత. అందుకే చెప్పిన టైము రాసి పెట్టుకోవాలి. ఇలా మధ్యలో ఆపిన డబ్బును మన రాష్ట్రంలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు కూడా. కాగితాలు పోయినవాళ్లు తమ పేరు మీద ఏవైనా లోన్లు ఉన్నాయేమో మన అప్పుల లెక్కలు రాసిపెట్టే సిబిల్ లాంటి సంస్థల రిపోర్టులో చూసుకోవాలి, ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి వాళ్లు. తమ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్‌లో తెలుస్తుంది.

ఇవన్నీ ఉన్నా జనం 1930కి ఆలస్యంగా ఫోన్ చేస్తారు, కారణం సిగ్గు. ఇంత చదువుకున్నావు, ఇట్లెట్ల మోసపోయినవ్ అని ఇంట్లోవాళ్లే అంటారు, ఆ మాట పడలేక రెండు రోజులు దాచిపెడతారు, ఆ రెండు రోజుల్లో డబ్బు ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లను తిట్టకండి. నాన్నా, అలాంటిది ఏదొచ్చినా ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి, ఏమీ అనను అని ముందే చెప్పి పెట్టండి. వార్తలు రాసేవాళ్లు కూడా అత్యాశకు పోయి అని హెడ్డింగులు పెట్టడం మానాలి. ఆ హెడ్డింగు చదివిన బాధితుడు తన సంగతి బయటికి చెప్పడు.

చివరగా మీ పేపరును రెండు అడుగుతున్నాను. 1930 నంబరును రోజూ మొదటి పేజీలో ఒకే చోట వేయండి, వెతకకుండా దొరకాలి. వారానికి ఒకసారి ఒక మోసపు మెయిల్‌ను ఫొటోతో సహా వేసి, ఇదిగో ఇక్కడ అడ్రస్ తేడా, ఇదిగో ఇక్కడ తొందరపెడుతున్నాడు, ఇది అసలు డిపార్ట్‌మెంట్ అడగదు అని గుర్తులు పెట్టి తెలుగులో వివరించండి. మెయిళ్ల కొరత లేదు. మా షాపుకు వచ్చేవాళ్ల అనుమతితో, పేర్లూ నంబర్లూ చెరిపేసి, నమూనాలు నేనే పంపిస్తాను. మీరు ఒప్పుకుంటే ఈ నెల నుంచే మొదలుపెడదాం.

ఇట్లు,
ఒక జిరాక్స్, నెట్ సెంటర్ యజమాని,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్